ఇరవైయొక్క చుట్లు, ఒక మెడ

గురువారం ఉదయానికి జగన్నాథన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఐదున్నరకు బావిలో ఈత, ఆరున్నరకు ఇంట్లో ఇడ్లీ, ఏడు నుంచి పదకొండు దాకా ఆదివారం ఉపన్యాసానికి మిగిలిన నాలుగు పేజీలు. తిరువళ్లూరులోనూ తిరుత్తణిలోనూ ముప్పై మూడేళ్లు విజ్ఞానశాస్త్రం బోధించి, కిందటి ఏడు, అంటే 1982లో, పదవీ విరమణ చేసి తిరుత్తణిలోనే ఉండిపోయిన మనిషి ఆయన. గంట కొట్టేవాడు లేకపోయినా ఏ గంటకు ఆ పని జరగాలన్నది ఆయన ఒంటికి పట్టిన అలవాటు.

ఆ ఉపన్యాసం మామూలు ఉపన్యాసం కాదు. ఊళ్లోని నేతగాళ్ల వీధి పఠనాలయం వాళ్లు పిలిచి మరీ అడిగిన ఉపన్యాసం. పేరు 'నమ్మకమూ, నిరూపణా'. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పాఠ్యపుస్తకం అంచు దాటి మాట్లాడే వీలు ఆయనకు దొరకలేదు. పరీక్ష రాయవలసిన అవసరం లేని పెద్దవాళ్లు, తమంతట తాము వచ్చి కూర్చుని తన మాట వినడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి కాబోతోంది. అందుకని రాసినంతవరకు మూడుసార్లు శుద్ధప్రతి రాసుకున్నాడు.

ఉపన్యాసానికి గుండెకాయ వంటి భాగం ఎదురుకాళ్ల గురించి. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు వచ్చిన బిడ్డ పెరిగి పెద్దయ్యాక తన్నితే, ఎదుటివాళ్ల నడుము పట్టూ మెడ పట్టూ వదిలిపోతాయని ఆ చుట్టుపక్కల గట్టి నమ్మకం. దాన్ని ఆయన తొమ్మిది పేజీలలో ఓపికగా, ఎవరినీ నొప్పించకుండా ఖండించాడు. ఆ అంశాన్నే ఎందుకు ఎంచుకున్నాడో మాత్రం ఏ పేజీలోనూ రాయలేదు. ఆయనా ఎదురుకాళ్లవాడే. సొంత ఊరు అత్తిమంజేరిపేటలో నాలుగేళ్ల వయసు నుంచి పన్నెండేళ్ల దాకా అక్కడి నేతగాళ్ల వీధిలో ఆయన తన్నని నడుము లేదు. ఒక్కో తన్నుకు ఒక బెల్లంముక్క. పన్నెండో ఏట బడిలో కండరాల పాఠం విన్నాడు. 'కాలికి, పుట్టిన తీరుకు సంబంధమేమిటి సార్' అని అడిగాడు. సారు పేజీ తిప్పేశాడు. ఆ రోజుతో బెల్లం మానేశాడు. నలభై ఏడేళ్లుగా ఆయన కుడికాలు ఇంకొక మనిషిని తాకలేదు. ఈ సంగతి తిరుత్తణిలో బయటపడితే ఆదివారం ఆయన మాట ఎవరు వింటారు? అందరూ కాలి వంకే చూస్తారు.

ఇక ఈత సంగతి. రక్తపోటు కొద్దిగా పైకి పోతోందనీ, ఒళ్లు కదిలే పని ఏదైనా చేయమనీ డాక్టరు చెప్పడంతో, కొండ కింద బావమరిది దండపాణి వేరుశనగ చేలో ఉన్న మెట్లబావి ఆయనకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు బావిలో చేపలాగా తిరిగినవాడే. ముప్పై ఏళ్ల తర్వాత నీళ్లలో దిగితే చేతులకూ కాళ్లకూ పాత పాఠం జ్ఞాపకం వచ్చింది. మెడకు మాత్రం రాలేదు. మూడో రోజు నుంచే కుడివైపు సన్నగా నొప్పి మొదలైంది.

ఇంకొకరైతే విసుక్కునేవారు. జగన్నాథన్‌కు కుతూహలం పుట్టింది. వెంటనే ఒక నోటుపుస్తకం తీసి గీతలు గీశాడు. తేదీ, ఈదిన చుట్లు, నీటి చలి, దిండు ఎత్తు, పది మార్కులకు నొప్పి ఎంత. ఒకసారికి ఒకే కారణాన్ని మార్చి చూడాలన్నది ఆయన నియమం. మొదటి వారం ఎండెక్కాక ఈది, చలి కారణం కాదని తేల్చాడు. రెండో వారం దిండు వంతు వచ్చింది. బుధవారం పడుకోబోయే ముందు దిండును అరుగు మీద పెట్టి, చాప మీద తలవాల్చాడు.

పొద్దున ఆయన బావికి వెళ్లాక, అమృతవల్లి వాకిలి ఊడ్చడానికి వచ్చి అరుగు మీది దిండును చూసింది. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన ఇల్లాలు. భర్త ఏమీ చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది. మెడ పట్టేసిన మనిషి దిండును ఎండలో పెడితే పట్టు వదులుతుందన్నది ఆ వీధిలో అందరికీ తెలిసిన వైద్యం. నోటితో చెప్పుకోలేక బయట పెట్టి పోయాడని జాలిపడి, దాన్ని మడిచి సరిగ్గా ఎండ పడేచోట గోడకు ఆనించింది. ఏ ఇంటి అరుగు మీదనైనా మడిచిన దిండు ఎండలో ఉందంటే ఆ వీధిలో అదొక ప్రకటన. పాలు పోసే పొన్నమ్మ దాన్ని చదువుకుని ముందుకు సాగింది.

అదే సమయానికి జగన్నాథన్ బావిలో పంతొమ్మిదో చుట్టు తిరుగుతున్నాడు. బావి గుండ్రం. ఆయన ఎప్పుడూ గోడ పక్కనే, కుడిచేతి వైపు నీళ్లు ఉండేలా తిరిగేవాడు. ఇరవై చుట్లు పూర్తయ్యాక, లెక్కలో ఒకటి తప్పిపోయి ఉండవచ్చునన్న శాస్త్రీయమైన అనుమానంతో ఇంకొకటి కలుపుకునేవాడు. చేలో కలుపు తీసే ఆడవాళ్లు గట్టు మీది నుంచి చూసి లెక్క పెట్టుకున్నారు. సారు ప్రదక్షిణంగా తిరుగుతున్నాడు, సరిగ్గా ఇరవైయొక్కసారి.

ఆ ఇరవైయొకటో చుట్టులో, మోటారు గది ఎదురుగా, మెడలో ఏదో పట్టేసింది. తల కుడిభుజం వైపు తిరిగి ఉంది. ఎడమకు తిప్పబోయాడు. తల రాలేదు. కిందికి దించబోయాడు. అదీ రాలేదు. నొప్పి పదికి తొమ్మిదని మనసులోనే రాసుకుని, మెల్లగా మెట్లెక్కి, చొక్కా తొడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఆ దారి పొడుగునా కొండ కుడివైపునే ఉంటుంది. చేని గట్టు మీద, బాట మీద, రైలు పట్టాలు దాటేచోట కూడా. మైలు దూరం జగన్నాథన్ రెప్పలార్చకుండా కొండమీది గుడి వైపే చూస్తూ నడిచాడు. ఎదురొచ్చిన ముగ్గురికి నమస్కారం పెట్టాడు గాని వాళ్ల ముఖం వైపు తిరగలేదు. మురుగన్ కొండకు చేయెత్తి మొక్కమంటే ఎన్నడూ మొక్కని మనిషి ఆయన. ఆ ముగ్గురూ రోడ్డు మీదే నిలబడిపోయారు.

తొమ్మిది గంటలకల్లా దండపాణి సైకిలు వచ్చి వాకిట్లో ఆగింది. దండపాణి అమృతవల్లికి తమ్ముడు, లుంగీల వ్యాపారి, పఠనాలయానికి కార్యదర్శి. ఉపన్యాసం పెట్టించింది అతడే. కూర్చోమన్నా కూర్చోకుండా, గుడికి వచ్చినవాడిలాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, కొండ జూస్తా వచ్చినారంట. నీళ్లల్లో చుట్లు గూడా తిరగతా ఉండారంట. తప్పేమి లేదు బావా. ఎవురికైనా ఒక వయసులో వస్తాది."

"మెడ పట్టేసిందిరా" అన్నాడు జగన్నాథన్, గోడకు చెబుతున్నట్టు.

"సరే, అట్లనే చెప్పుకుందాం. అయితే ఆదివారం ప్రసంగం మాత్రం కొంచెం మార్చల్ల."

అమృతవల్లి ఎండలో ఉన్న దిండును చూపించి, నిజంగా మెడేనని తమ్ముణ్ని నమ్మించింది. భక్తి కాదని తెలిసి దండపాణి కాస్త నిరుత్సాహపడ్డాడు గాని, కార్యదర్శి కనుక వెంటనే తేరుకున్నాడు. ఆదివారానికి మూడు రోజులే ఉంది. కరపత్రాలు పంచేశారు. ఉపన్యాసకుడు సభకు చెవి చూపిస్తూ మాట్లాడితే బాగుండదు.

"రైల్వే గేటుకాడ ఇడ్లీకొట్టు తాయమ్మక్క ఉండాది గదా. ఎదురుకాళ్ల మనిషి. ఒక్క తన్ను తన్నితే ఎట్లాంటి పట్టైనా, సుళుక్కైనా వదిలిపోతాది. పిలుచుకోని రానా బావా?"

తన తొమ్మిది పేజీలు కళ్లముందు మెదిలి జగన్నాథన్ గట్టిగా తల అడ్డంగా ఊపబోయాడు. కుడివైపు ఇక చోటు లేదు, ఎడమవైపు తల రాదు. మధ్యలో చిక్కుకున్న తల భుజం మీదికి ఒక్కసారి మెల్లగా వాలి లేచింది. ఆ ప్రాంతంలో 'సరే' అనడానికి అందరూ తలను సరిగ్గా అలాగే వాలుస్తారు. 'వద్దు' అని నోరు తెరవబోయేసరికి మెడలోంచి లేచిన పోటు నోరు మూయించింది. దండపాణి అప్పటికే సైకిలెక్కాడు.

గంట తర్వాత అతడు ఒంటరిగా తిరిగి వచ్చి అక్కతో చెబుతున్న మాటలు లోపలి గదిలో వేడినీళ్ల గుడ్డ కట్టుకుని కూర్చున్న జగన్నాథన్ చెవిన పడ్డాయి. తాయమ్మ రాలేదు. రుబ్బురోలు పొత్రం ఎత్తబోయి తనే నడుము పట్టేసి మూడు రోజులుగా మంచం మీద ఉంది. తన కాలు తన నడుముకు అందదు కనుక ఆమెకూ ఇంకొక ఎదురుకాళ్ల మనిషి కావాలి. పూర్వం అత్తిమంజేరిపేటలో వజ్రమ్మ మనవడని ఒక పిల్లవాడు ఉండేవాడట. అంత గొప్ప కాలు ఇంకొకటి లేదట. బతికుంటే ఎక్కడున్నా వెతికి పెట్టమని ఆమె వేడుకుంది. దండపాణి మధ్యాహ్నం బస్సుకు అత్తిమంజేరిపేట పోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"అంత దూరం యాడికి పోతావు. వజ్రమ్మ మనవడు మీ బావే" అంది అమృతవల్లి.

దండపాణి వెళ్లిపోయాక ఆమే లోపలికి వచ్చి, అడగకముందే సమాధానం చెప్పింది. పెళ్లైన కొత్తలో అత్తగారు తనతో చెప్పారు. ముప్పై రెండేళ్లు తమ్ముడితో కూడా అనలేదు. "మీకు ఇష్టంలేదని నోరు మూసుకోనే ఉంటిని. ఒక మనిషి మూడు దినాలుగా లెయ్యలేక పడుండాదంటే ఎట్ల దాచేది చెప్పండి?"

శుక్రవారం తెల్లవారేసరికి అరుగు మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. నడుములు ముగ్గురివి, చీలమండ ఒకరిది, భుజాలు ఇద్దరివి. వాళ్లందరి వైపూ ఆయన పక్కకు నిలబడి చూడవలసి వచ్చింది. అంతలో ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులో ఒత్తిగిలి పడుకున్న తాయమ్మను ఇద్దరు పట్టి దింపారు. అరవై దాటిన మనిషి, బొద్దుగా, నిదానంగా ఉంది. ఒక చేత్తో నడుము పట్టుకుని, గుమ్మంలో ఉన్న ఆయన మెడను అటూ ఇటూ పరీక్షగా చూసింది.

"సారూ, నాకు నడుము, మీకు మెడ. నాకు మీ కాలు గావల్ల, మీకు నా కాలు గావల్ల. మొదుట మీరు తన్నండి. ఇప్పుడు నాది లెయ్యదు."

జగన్నాథన్ చాలాసేపు మాట్లాడాడు. కండరాల గురించి, నరాల గురించి, మూడు నాలుగు రోజుల్లో చాలా పట్లు వాటంతట అవే వదిలే సంగతి గురించి చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఎవరూ లేవలేదు. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయన బుర్రలో ఒక దీపం వెలిగింది. ఎదురుకాళ్ల తన్ను వట్టిదని ఆదివారం ఆయన పుస్తకాలను బట్టి చెప్పబోతున్నాడు. ఇక్కడ ఏడుగురు మనుషులు నొప్పులతో సహా తమంతట తాము ఇంటికే వచ్చారు. ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏ బడిలో ఉంది? ఈకతో తాకినట్టు బొటనవేలు ఆనించి వదిలేస్తే, ఎవరికీ ఏమీ తగ్గదు. వాళ్ల పేర్లూ వివరాలూ ఆదివారం సభలో చదివితే ఇక వాదనే ఉండదు. దాచుకున్న రహస్యం ఎలాగూ బయటపడింది. దాన్ని రుజువుగా మార్చుకోవడమే మిగిలిన దారి.

నోటుపుస్తకం తెప్పించి కొత్త పేజీలో గీతలు గీశాడు. పేరు, వయసు, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, తాకకముందు పదికి ఎంత, తాకాక ఎంత. ఆ గీతలు చూసి అరుగు మీదివాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఇంతవరకు వాళ్లను తన్నినవాళ్లెవరూ పేరు రాసుకుని తన్నలేదు.

తాయమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కాలు వెనక్కి తగ్గింది. "నాకంటే పెద్దదానివి అక్కా, ఆడమనిషివి. కాలితో ఎట్ల తాకేది?"

"నేను నడుము కోసరం వస్తిని సారూ, మర్యాద కోసరం రాలే."

బోర్లా పడుకున్న ఆమె నడుము మీద ఆయన కుడికాలి బొటనవేలు నలభై ఏడేళ్ల తర్వాత మళ్లీ తన పాత పని చేసింది. ఆనిందా లేదా అన్నట్టు ఆనించి తీసేశాడు. తాయమ్మ కాసేపు అలాగే ఉంది. తర్వాత చేతులు ఊని కూర్చుంది. తర్వాత నిలబడింది. అరుగు చివరిదాకా నడిచి వచ్చింది.

"పదికి ఎంత?" అన్నాడు జగన్నాథన్, పెన్సిలు పట్టుకుని.

"రెండేసుకోండి."

ఒక్కరి విషయంలో కాకతాళీయం కావచ్చు. అందుకని మిగిలిన ఆరుగురినీ వరసగా తాకాడు. నలుగురికి తగ్గింది. ఒకరికి సగం తగ్గింది. చీలమండ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ చీలమండ మీద ఆయనకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. అందరూ ఆదివారం సాయంత్రం పఠనాలయానికి వచ్చి ఎలా ఉందో చెప్పాలని చెప్పాడు. వైద్యుడు మళ్లీ రమ్మన్నాడని వాళ్లు తృప్తిగా తల వాల్చారు.

ఇక తాయమ్మ వంతు. కాలు ఎత్తగలిగినా ఆమె వెంటనే తన్నలేదు. అరుగు మీద చతికిలబడి, ఆయన ఎలా పడుకుంటాడో, ఏ చేత్తో బరువెత్తుతాడో, రైల్లో ఏ పక్క కూర్చుంటాడో అడిగింది. ఆయన నోటుపుస్తకం చూపించాడు. ఆమెకు చదువు రాదు.

"అది అట్ల పెట్టండి. యెట్ల ఈదతారో చూపించండి."

"ఇక్కడా?"

"నేను బాయిలో దిగేదానికి అయితాదా?"

అలా విజ్ఞానశాస్త్రం మాస్టారు తన ఇంటి అరుగు మీద, ఆరుగురు రోగుల ముందు, బోర్లా పడుకుని ఈదాడు. చేతులు రెండూ బారలు చాపాయి. కాళ్లు తపతపలాడాయి. అరుగు అంచున ఉన్న చెంబు కింద పడింది. తాయమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"మొగం నీళ్లల్లో పెట్టరా?"

"పెట్టను."

"ఎద్దు యేరు దాటినట్టు తల పైకెత్తుకోని ఉండారే, నొప్పెయ్యదా? అదీ కుడి పక్కకే తిప్పుకోని. ఆ పక్క ఏముండాది అట్ల?"

జగన్నాథన్ చేతులు ఆగిపోయాయి. ఆ పక్క మోటారు గది మెట్టు ఉంది. ఆ మెట్టు మీద చొక్కా మడతలో కళ్లద్దాలు ఉంటాయి. ఈత మొదలుపెట్టిన రెండో రోజునే కొండ మీది నుంచి దిగిన ఒక కోతి ఆయన తువ్వాలు ఎత్తుకుపోయింది. ఆ కళ్లద్దాలు లేకపోతే ఆయనకు కోతికీ కొండకూ తేడా తెలియదు. అందుకని నీళ్లలో ఉన్నంతసేపూ తల ఎత్తి, వాటి మీదే చూపు నిలిపేవాడు. గుండ్రటి బావిలో గోడ వెంట ప్రదక్షిణంగా తిరిగేవాడికి, ఆ మెట్టు ఏ చుట్టులోనైనా కుడిచేతి వైపునే ఉంటుంది. రోజుకు ఇరవైయొక్క చుట్లు, పదిహేను రోజులు. కళ్లద్దాలు లేని కళ్లతో కళ్లద్దాలకు కాపలా.

పదిహేను రోజుల నోటుపుస్తకంలో నీటి చలి ఉంది, దిండు ఎత్తు ఉంది. ఎటు చూస్తున్నాననే గడి లేదు.

"అక్కా," అన్నాడు కూర్చుంటూ, "ఇది ఎట్ల కనిపెట్టినావు?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ముప్పై ఏళ్లుగా ముందు అడగడం, తర్వాత తన్నడం. పట్టు ఎందుకు పట్టిందో తెలిస్తే దాన్ని ఎట్లా మాన్పించాలో తెలుస్తుంది. "నా నడుమును నేను అడగలేకపొయినాను, అంతే. మీరు రెండుదినాలు ఉడుకు గుడ్డ కట్టండి. బాయికి పోతే అద్దాలు ఇంట్లోనే పెట్టి పొండి, మొగం నీళ్లల్లో పెట్టండి, ఒకదినం ఇట్ల తిరిగితే ఒకదినం అట్ల తిరగండి. తన్ను అవసరం లేదు."

"అయితే అందరినీ ఎందుకు తన్నతావు?"

"తన్నకపోతే నేను చెప్పేది ఎవురు వింటారు సారూ?"

జగన్నాథన్ ఇంకా ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. మెడ అటే తిరిగి ఉండటం ఒక కారణం. "నువ్వైనా నిజంగా ఎదురుకాళ్లతోనే పుట్టినావా?"

"మా యమ్మ చెప్పింది. నేను చూడలేదు గదా." ఆ మాట అని, అరుగు కింద అప్పటికే పోగైన జనం ఊరుకోరని, ఆయన భుజం మీద కాలితో ఒక్కసారి మెత్తగా తట్టి ఆమె రిక్షా ఎక్కింది.

శనివారం అరుగు మీద నలభైమంది. ఇంట్లో ఉడుకు గుడ్డతో కూర్చున్న ఆయనకు బదులు అమృతవల్లి అందరికీ మజ్జిగ ఇచ్చి, ఆదివారం పఠనాలయానికి రమ్మని చెప్పి పంపింది. సభకు జనం కావాలని భర్త మూడు వారాలుగా అంటున్న మాట ఆమె మరిచిపోలేదు.

ఆదివారం పొద్దుటి బస్సుకు అత్తిమంజేరిపేట నుంచి ఆయన మేనత్త సెల్లమ్మ దిగింది. ఎనభై నాలుగేళ్లు, చేతికర్ర, పళ్లులేని నవ్వు. మేనల్లుడు మళ్లీ తన్నడం మొదలుపెట్టాడన్న కబురు శనివారానికే అక్కడికి చేరింది. రెండు ఇడ్లీలు పాలలో నానబెట్టుకుని తిని, ఆయన కాలిని తడిమి చూసి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"నువ్వు యాడ ఎదురుకాళ్లురా? నువ్వు తలతోనే పుట్టినావు. నేను పక్కనే ఉంటిని, మంత్రసానికి దీపం బట్టుకోని."

ఆయనకు నాలుగేళ్లప్పుడు, వీధి మొత్తానికి నూలు తూచి ఇచ్చే మేస్త్రికి నడుము పట్టేసింది. అతడు లేచి తూచితే గాని నూలు రాదు, నూలు రాకపోతే మగ్గం ఆడదు. మూడు రోజులు వీధి వీధంతా మగ్గాల చప్పుడు లేకుండా పడి ఉంది. ఎదురుకాళ్ల మనిషి ఎక్కడా దొరకలేదు. నాలుగో రోజు వజ్రమ్మ మనవణ్ని చంకనెత్తుకుని మేస్త్రి ఇంటికి పోయి, 'మా వాడు ఎదురుకాళ్లే, చెప్పుకునేదానికి సిగ్గుపడి ఊరుకుంటిమి' అంది. పిల్లవాడు తన్నాడు. మేస్త్రి లేచాడు. సాయంకాలానికి మగ్గాలు ఆడాయి. ఆడే మగ్గాన్ని ఆపి నిజం చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు.

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"నువ్వు అడిగినావా?"

బళ్లో వేలమంది పిల్లలకు ప్రతిదాన్నీ ప్రశ్నించమని నేర్పిన మనిషి ఆమె పక్కన చతికిలబడ్డాడు. తర్వాత ఆయన ముఖం మెల్లగా విప్పారింది. మెడ కూడా అప్పటికి ముప్పాతిక వంతు విప్పారింది. ఇంతకన్నా మంచి రుజువు ప్రపంచంలో ఏ ప్రయోగశాలలో దొరుకుతుంది? ఎదురుకాళ్లు కాని కాలు, ఎదురుకాళ్లని నమ్మినవాళ్లు, తగ్గిన నొప్పులు. తొమ్మిది పేజీలూ పక్కన పెట్టి ఒక్క పేజీ కొత్తగా రాసుకున్నాడు.

సాయంత్రం పఠనాలయంలో చోటు చాలక కిటికీలలో కూడా జనం కూర్చున్నారు. జగన్నాథన్ నేరుగా వాళ్ల ముఖాల్లోకి చూస్తూ మాట్లాడాడు. నోటుపుస్తకం తెరిచి ఏడుగురి పేర్లు చదివాడు. ఐదుగురు లేచి పూర్తిగా తగ్గిందన్నారు. ఒకరు సగం అన్నారు. చీలమండ కుంటుతూ వచ్చి ఇంకా అలాగే ఉందంది. ఆయన దానికి ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పాడు. అప్పుడు సెల్లమ్మను వేదిక మీదికి పిలిచాడు. ఆమె మంత్రసాని, దీపం, మేస్త్రి, నూలు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"కాబట్టి," అన్నాడు జగన్నాథన్, ముప్పై మూడేళ్లుగా ఎదురుచూసిన నిశ్శబ్దంలో, "నేను అందరి మాదిరే తలతో పుట్టినవాణ్ని. నా కాలిలో ఏమీ లేదు. అయినా మీకు తగ్గింది. దీనివల్ల తేలిందేమిటో మీరే ఆలోచించండి."

సభ ఆలోచించింది. ముందు వరసలో తాయమ్మ తల దించుకుని నవ్వుకుంది. ఒక నిమిషం గడిచాక కార్యదర్శి దండపాణి వందన సమర్పణకు లేచాడు.

"పెద్దలారా, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు ఆ గుణం పుట్టుకతోనే వస్తాది. అందులో వాళ్ల గొప్ప ఏముండాది? మా బావ అందరి మాదిరి తలతో పుట్టి, బి.ఎస్సీ. జదివి, నోటుబుక్కు రాసి, ఆ గుణాన్ని సంపాదించుకున్నాడు. ఇది చదువుతో వచ్చిన కాలు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. కరపత్రాలలో లేని ఈ ముగింపును ఖండించడానికి జగన్నాథన్ మూడుసార్లు లేచాడు. మూడుసార్లూ ఆయనకు పూలదండ పడింది.

సోమవారం ఉదయం ఆయన కళ్లద్దాలు ఇంట్లోనే వదిలి, ముఖం నీళ్లలో పెట్టి, పది చుట్లు ఇటూ పదకొండు చుట్లు అటూ ఈదాడు. నొప్పి సున్నా. నోటుపుస్తకంలో రాయవలసిన అంకె తలచుకుని సంతోషపడుతూ ఇంటికి వచ్చేసరికి, అరుగు మీద మసకమసకగా ఒక పొడుగాటి వరస కనిపించింది. పదిహేడు రోజుల తర్వాత మొదటిసారిగా ఏ అడ్డంకీ లేకుండా జగన్నాథన్ తలను కుడికీ ఎడమకూ తనివితీరా ఊపి, వద్దన్నాడు. ఎవరూ చూడలేదు, అందరి చూపూ ఆయన కాళ్ల మీదే ఉంది.